సెంగెనిద్ బాయి మీద పనిచేసే మా బిడ్డకు

బిడ్డా, నువ్వు కార్డిఫ్‌ల ఉండి, వేల్స్‌ల ఉన్న సెంగెనిద్ బొగ్గుబాయి పేలుడు మీద ప్రాజెక్ట్ తీసుకున్నవని మీ అమ్మ ఫోన్‌ల చెప్పింది. మనింట్ల బాయి ముచ్చట నాతోనే ఆఖరు అనుకున్న, సంతోషమే అయింది, కానీ రాత్రంతా నిద్రపట్టలే, అందుకే ఇంత పొడుగు టైప్ చేస్తున్న, తప్పులుంటే సర్దుకో.

మ్యాప్ ముందట పెట్టుకొని రిపోర్టు చదువు. తారీఖులు ఒక్క కాడ రాసుకో. ఇవన్నీ నీకు చెప్పాల్నా.

నా భయం వేరే. పేలుడు అనంగనే అందరు నిప్పు ఎక్కడిది, ఎవడు పెట్టిండు అనే అడుగుతరు. నేను పనిచేసే కాలంల ఒక బాయిల మంట లేసి షాట్‌ఫైరర్, అంటే మందు పెట్టి బొగ్గు పేల్చేటోడు, పోయిండు, బాయి పేరెందుకులే. ఆయన దశదినం కాకముందే, గ్యాస్ చూడకుండ పేల్చిండు అని రాసి ఫైలు మూసిండ్రు. ఆయనతోని దిగినోన్ని నేను! దీపం వత్తి తగ్గించి మెల్లగ పైకప్పు దాక లేపుతుండె, గ్యాస్ ఉంటే మంట మీద నీలంగ టోపీ లెక్క లేస్తది, అది వస్తదేమోనని రెప్ప కొట్టకుండ చూస్తుండె, టోపీ కనిపిస్తే పేలుడు మందు కూరనిస్తుండెనా? లోపలి గాలిని దారి మళ్ళించే తలుపు శానా రోజుల సంది సరిగ్గ మూతపడ్తలేదని మాత్రం ఎవ్వరు రాయలే. చచ్చినోడు జవాబియ్యడు గదా. వాళ్ళావిడ మొఖం చూడలేక నేను ఆ వాడకట్టుకే పోవుడు బంజేసిన. నువ్వు గసొంటి రాత రాస్తే ఊకోను, చెప్తున్న.

సెంగెనిద్‌ల 1913 అక్టోబర్ 14 పొద్దుగాల 439 మంది కార్మికులు పోయిండ్రు, కాపాడవోయినోడు ఇంకొకడు. సిగ్నల్ గంటల కరెంటు తీగల కాడ రవ్వ లేసుండొచ్చు అన్నరు ఎంక్వైరీల, లేసుండొచ్చు అనే, ఖాయంగ తేల్చలే. నువ్వు ఆ రవ్వ వెంట పడితే నీ ఏడాది అండ్లనే పోతది. బొగ్గుల నుంచొచ్చే మీథేన్ గ్యాస్ గాలిల ఇంచుమించు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటేనే పేలుతది, మరి అంత గ్యాస్ అక్కడ ఎందుకు నిలిచింది? ఒక్క కాడ లేసిన మంట బాయంత ఎట్ల పాకింది? పాకించేది బొగ్గుదుమ్ము, ముందు వోయే దెబ్బకు దుమ్ము లేస్తది, వెనకొచ్చే మంట దాన్ని తింటది, మళ్ళ ముందుకు. 1844ల ఇంగ్లాండ్‌ల హాస్‌వెల్ బాయి పేలితే ఫారడే, లయెల్ అనే సైంటిస్టులు పోయి చూసి దుమ్ము కూడ కాలిందని చెప్పిండ్రు. అంటే సెంగెనిద్‌కు డెబ్బై ఏండ్ల ముందే తెలుసు! సెంగెనిద్ బాయే 1901ల ఒకసారి పేలి 81 మంది పోయిండ్రు. అయినా కప్పుకు, గోడలకు దుమ్ము అట్లనే.

బాయిల గాలి ఆడించే ఫ్యాన్ ముచ్చట కూడ ఉన్నది. గాలిని ఉల్టా తిప్పే ఏర్పాటు 1913 జనవరి లోపల పెట్టాలన్నది చట్టం, సెప్టెంబర్ దాక గడువు పెంచుకున్నరు, అక్టోబర్‌ల పేలే నాటికి గూడ లేదు. కానీ అదుంటే అందరు బతికేటోళ్ళు అని రాసెయ్యకు, గాలి తిప్పితే పొగ ఇంకో దిక్కు ఉన్నోళ్ళ మీదికి వోతది, లోపల ఎవరు యాడున్నరో తెల్వకుండ తిప్పుడు గూడ ప్రాణాలు తీస్తది. పేలుడుకు కారణం వేరే, తర్వాత చావులకు కారణం వేరే, రెండిటిని కలపకు. ఆఖరికి మేనేజరుకు 24 పౌండ్లు, కంపెనీకి 10 పౌండ్లు జుర్మానా, చదువుతుంటే నాకు మా షాట్‌ఫైరరే యాదికొచ్చిండు.

రిపోర్టుతోని ఆగకు, సాక్షుల మాటలు పూర్తిగ చదువు, ముఖ్యంగ గ్యాస్ చూసే ఫైర్‌మన్లయి. పాత బాయి నోరు ఎక్కడన్న కనిపిస్తే ఫొటో కోసం గూడ లోపల అడుగు వెట్టకు, అక్కడి చెడుగాలికి వాసనుండది, కండ్లు తిరిగినంక బయటికొచ్చే టైముండది. తిన్నవా? ఫైర్‌మన్ల పేజీలు ఫొటో తీసి పంపు, అద్దాలు మార్చిన, చదువుత.