రోజంతా నిలబడే ఉద్యోగానికి అల్లిక షూ కొనొచ్చా?

మీరు అడిగింది ఇది: క్లాసుల్లో రోజంతా నిలబడాలి, పాదం వెడల్పు, బొటనవేలి మొదట్లో ఎముక పొడుచుకొచ్చి లెదర్ షూలో నొప్పి. మేజోడులా కనిపించే ఆ నిట్ (అల్లిక) షూకి ఐదు వేల దాకా పెట్టొచ్చా, లేక అది మూణ్ణాళ్ళ ముచ్చటేనా?

నేనూ జూనియర్ కాలేజీ లెక్చరర్‌నే, నాదీ అలాంటి పాదమే. నా మాట అయితే, కొనండి. కానీ డబ్బు పెట్టాల్సింది కింద ఉన్న సోల్‌కి.

మామూలు షూని ముక్కలుగా కోసి కుడతారు. ఆ కుట్టు వరుస చాలా మోడల్స్‌లో సరిగ్గా మన ఎముక మీదికే వస్తుంది, సాయంత్రానికి అక్కడ ఎర్రగా కందిపోతుంది. నిట్ షూలో పైభాగాన్ని దాదాపు ఒకే ముక్కగా మిషన్ మీద అల్లుతారు. 2012లో నైకీ కంపెనీ ఫ్లైనిట్ అనే అల్లిక షూ తెచ్చాక ఈ పద్ధతి బాగా పాకింది. వేళ్ళ దగ్గర సాగేలా, మడమ దగ్గర బిగుతుగా, ఒకే గుడ్డలో రెండు రకాలుగా అల్లొచ్చు. మధ్యాహ్నం దాటాక పాదాలు ఉబ్బితే షూ కూడా కాస్త సాగుతుంది. నాకు ఆ ఎముక దగ్గర ఒరుపు పోయింది. ఈ ఒక్క కారణానికైనా నేను మళ్ళీ లెదర్ జోలికి వెళ్ళను.

కానీ మడమ నొప్పి, నడుము లాగడం అల్లికతో పోవు. షాపులో వేసుకోగానే దూది మీద నిలబడ్డట్టు ఉంటే మురిసిపోకండి. మరీ మెత్తటి ఫోమ్ రోజంతా మన బరువు మోసి మోసి అణిగిపోతుంది, మడమ ఒక పక్కకి ఒరగడం మొదలవుతుంది. షూని చేత్తో పట్టుకుని చూడండి. ముందుకు వంచితే వేళ్ళ మొదట్లో వంగాలి, మధ్యలో చపాతీలా మడత పడకూడదు. రెండు చివర్లూ పట్టుకుని తడిగుడ్డ పిండినట్టు తిప్పితే గట్టిగా ఎదురు తిరగాలి. మడమ వెనక బొటనవేలితో నొక్కండి. లోపల గట్టి పట్టీ ఉంటే నిలబడుతుంది, లేకపోతే గుడ్డ లోపలికి కూలిపోతుంది. కూలిపోయే షూ ఎంత మెత్తగా ఉన్నా ఇంట్లో తిరగడానికే. లోపలి ఇన్‌సోల్ బయటికి వస్తుందా అన్నది కూడా చూడండి. వస్తే దాని మీద నిలబడి, పాదం అంచులు బయటికి పొర్లుతున్నాయో లేదో తెలుసుకోవచ్చు. అణిగిపోయాక అదొక్కటే మార్చుకోవచ్చు కూడా.

ఊలా, పాలిస్టరా? 2016లో ఆల్‌బర్డ్స్ అనే షూ కంపెనీ మెరినో జాతి గొర్రెల ఊలుతో చేసిన షూతో పేరు తెచ్చుకుంది, మన హైదరాబాద్ కంపెనీ నీమన్స్ కూడా మెరినోతోనే మొదలైంది. మన ఎండలకి ఊలేంటి అని మా స్టాఫ్ రూమ్‌లో అందరూ అడిగారు. మెరినో నూలు చాలా సన్నం. తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా చేతికి తడిగా తగలదు, వాసన కూడా తొందరగా పట్టదు. అయితే రాపిడికి పాలిస్టర్ అంత గట్టిది కాదు. నేను వాడిన ఊలు జతలో బొటనవేలి గోరు తగిలే చోట నూలు పలచబడి, ఆఖరికి వెలుతురు కనిపించింది. గోళ్ళు పొట్టిగా ఉంచుకోవాలి. పాలిస్టర్ అల్లిక తక్కువ ధరకి వస్తుంది, ఉతికితే తొందరగా ఆరుతుంది. కాకపోతే చెమట వాసన తొందరగా పడుతుంది, సాక్స్ తప్పనిసరి.

బైక్ మీద కాలేజీకి వెళ్తారా? అయితే ఇది ముఖ్యం. గేర్ రాడ్ ఎడమ షూ పైభాగాన్ని రోజూ గీరుతుంది, మొదట నూలు లేచి బొచ్చులా అవుతుంది, తర్వాత చిరుగుతుంది. స్కూటీ అయితే ఈ బాధ లేదు. వానాకాలంలో నిట్ షూని నమ్ముకోవద్దు, ఒక్క గుంటలో కాలు పడితే రోజంతా తడి సాక్సే. వాన రోజులకి వేరే చెప్పులు ఉండాల్సిందే. చాక్‌పీస్ పొడి అల్లిక సందుల్లో కూర్చుంటుంది కాబట్టి నలుపు కన్నా బూడిద రంగు నయం. మీ ప్రిన్సిపాల్‌ డ్రెస్ విషయంలో పట్టింపు మనిషైతే, తెల్ల సోల్ కాకుండా సోల్ కూడా అదే రంగులో ఉన్నది తీసుకోండి, ఎవరూ పట్టించుకోరు. ఉతికాక ఎండలో పెట్టొద్దు, అతుకులు ఊడతాయి. నీడలో ఆరబెట్టండి.

షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గితే మాత్రం నా సలహా పక్కనపెట్టి డాక్టర్‌ని అడగండి. ఈ పలచటి గుడ్డలోంచి ముల్లు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు.

సాగుతుంది కదా అని ఒక సైజు తక్కువ తీసుకోమంటారు షాపు వాళ్ళు, వినకండి. గుడ్డ సాగినా సోల్ సాగదు. సాయంత్రం పాదాలు ఉబ్బి ఉన్నప్పుడు, మీరు రోజూ వేసుకునే సాక్స్‌తోనే వేసి చూడండి. పొడవాటి వేలి ముందు బొటనవేలి మందం ఖాళీ ఉండాలి. ఆన్‌లైన్‌లో తీసుకుంటే ట్యాగ్ తీయకుండా ఇంట్లో టైల్స్ మీద ఒక పూట వేసుకుని తిరగండి. మెట్లెక్కేటప్పుడు మడమ జారుతుంటే, వాపసు గడువు దాటకముందే తిప్పి పంపేయండి.