పాత బండికి కొత్త మోడల్ సీటు వేయిస్తే కేసవుతుందా?

ప్రశ్న: మాది రాయదుర్గం. జీన్స్ ప్యాంట్లు కుట్టించి అనంతపురం అంగళ్ళకు వేస్తుంటాను. నా బండి 150 సిసి, 2011లో కొన్నది. సీటు చిరిగి, స్పాంజి కూలిపోయి, వెనక కూర్చున్న మా ఆవిడకు ఇనుము గుచ్చుకునేది. అదే కంపెనీ తర్వాత తెచ్చిన మోడల్ సీటు బాగుందని, బళ్ళారిలో ఒక గుజిరీ అంగట్లో లాకుతో సహా 1,800 రూపాయలకు కొన్నాను. మా ఊరి మెకానిక్ పాత బోల్టులు పట్టే తావు కోసేసి, లాకు కూర్చోవడానికి ఫ్రేముకు ఒక ఇనప పట్టీ వెల్డింగ్ చేయించాడు. వెనక పట్టుకునే కడ్డీ అడ్డమొస్తోందని తీసేశాడు. 900 తీసుకున్నాడు. నెల తిరగకముందే కళ్యాణదుర్గం దారిలో స్పీడ్ బ్రేకర్ మీద సీటు లేచిపోయి మా ఆవిడ పడింది. మణికట్టు ఎముక విరిగింది. మెకానిక్‌ను అడిగితే ‘సీటు మీరు తెచ్చిందే కదన్నా, నాదేం తప్పు’ అంటున్నాడు. ఇది చాలదన్నట్టు మొన్న బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి ఆపి, ఇది ఆల్టరేషన్ కిందికి వస్తుంది, 5,000 కట్టాలి అని బెదరగొట్టి, సరిచేయించుకోమని వదిలేశాడు. ఆర్‌సీకి 15 ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. సీటు మార్చడం నేరమా? మెకానిక్ మీద కేసు వేయొచ్చా?

జవాబు: సీటు మార్చినంత మాత్రాన నేరం కాదు. మీ బండికి జరిగింది మాత్రం సీటు మార్పు ఒక్కటే కాదు. బోల్టుల తావు కోశారు, ఫ్రేముకు వెల్డింగ్ పెట్టారు, కడ్డీ తీసేశారు. ఇన్‌స్పెక్టర్ కన్ను ఆ మూడింటి మీద పడింది.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ఏమంటుందంటే, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. ఆల్టరేషన్ అంటే ఏమిటో కూడా ఆ సెక్షన్ కిందే వివరణ ఉంది: బండి నిర్మాణంలో మార్పు జరిగి, దానివల్ల బండి మూల స్వరూపమే మారడం. మీ ఆర్‌సీ తీసి చూడండి. ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు, రంగు, ఇంధనం, ఎంతమంది కూర్చోవచ్చు అన్నవి ఉంటాయి. సీటు కవరు రంగో, స్పాంజి మందమో ఉండవు. ఇద్దరు కూర్చునే సీటు తీసి ఇద్దరు కూర్చునే సీటే పెడితే ఆ కాగితంలో ఒక్క అక్షరం కూడా మారదు. అందుకే చిరిగిన సీటు తీసేసి, బోల్టులతో సరిగ్గా కూర్చునే వేరే సీటు వేయించడాన్ని నేను మరమ్మతనే అంటాను, కోర్టులోనూ అలాగే వాదిస్తాను.

అయితే అవతలి వాదన కూడా తేలికైనది కాదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగానే చదివింది. తయారీదారు మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి 182ఎ సెక్షన్ చేర్చారు. దాని 4వ ఉపసెక్షన్ ప్రకారం, అనుమతి లేని రీతిలో బండిని మార్చినా, బయటి విడిభాగాలు బిగించి మార్చినా, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. ఇన్‌స్పెక్టర్ చెప్పిన 5,000 అక్కడిదే. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గమనించండి. మీ బండిలో ఎన్ని మార్పులో లెక్కపెట్టుకోమంటే మీకే దిగులేస్తుంది.

నేను రోజూ కోర్టుకు వెళ్ళేది అనంతపురం సప్తగిరి సర్కిల్ మీదుగానే. అక్కడ ఐదు నిమిషాలు నిలబడి చూస్తే, కంపెనీ నుంచి వచ్చినది వచ్చినట్టే ఉన్న పాత బండి కనపడడమే గగనం. సైలెన్సర్ మార్చినవాళ్ళు, హ్యాండిల్ మార్చినవాళ్ళు, 1996లోనే తయారీ ఆగిపోయిన ఆర్‌ఎక్స్ 100కు ఏవేవో తగిలించి తిప్పేవాళ్ళు. వాళ్ళందరినీ వదిలి నన్నే ఎందుకు ఆపాడని మీరు అడగొచ్చు. ఆ వాదన కోర్టులో నిలబడదు.

మీ కేసులో నన్ను ఎక్కువ కలవరపెట్టేది 52వ సెక్షన్ కాదు, ఎవరూ పట్టించుకోని 128వ సెక్షన్. వెనక కూర్చునే మనిషిని, నడిపేవారి సీటు వెనక బండికి గట్టిగా బిగించిన సరైన సీటు మీదే కూర్చోబెట్టాలని అది చెబుతుంది. ముగ్గురు ఎక్కితే చలానా రాసేదీ ఈ సెక్షన్ కిందే కాబట్టి అందరికీ ఆ సగమే గుర్తుంటుంది. ‘గట్టిగా బిగించిన’ అన్న సగాన్ని మర్చిపోతారు. దీన్ని మీరితే 194సి కింద 1,000 రూపాయల జరిమానా, 3 నెలలు లైసెన్సుకు అనర్హత. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది ఇంకొకటి ఉంది. ప్రతి మోటారు సైకిలుకూ వెనక కూర్చున్నవాళ్ళు పట్టుకోవడానికి పక్కనో, నడిపేవారి సీటు వెనకో స్థిరమైన పిడి ఉండాలి. కాళ్ళు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టులు ఉండాలి. బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా మూసే రక్షణ, అంటే మనం చీర గార్డు అనేది, ఉండాలి. మీ మెకానిక్ అడ్డమొస్తోందని తీసి పారేసిన కడ్డీ ఆ మొదటిది. అది ఉండి ఉంటే సీటు లేచినప్పుడు మీ ఆవిడకు పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది.

లాకు ఎందుకు ఊడిందో కూడా కాస్త తెలుసుకోవాలి, ఎందుకంటే మీ కేసంతా దాని మీదే నడుస్తుంది. మీ పాత సీటు బోల్టుల మీద నిలబడింది. కొత్త మోడల్ సీటు అలా కాదు. ముందువైపు నాలుకలాంటి రేకు ఫ్రేములోని అడ్డకడ్డీ కిందికి దూరాలి. వెనకవైపు యు ఆకారం కొక్కెం లాకులో పడి స్ప్రింగు పన్ను కింద చిక్కుకోవాలి. మనిషి బరువు మాత్రం లాకు మీద పడకూడదు, సీటు అడుగున ఉండే రబ్బరు దిమ్మల మీద పడాలి. ఆ దిమ్మలు ఆనడానికి కొత్త మోడల్ ఫ్రేములో చోటు ఉంటుంది, మీ పాత ఫ్రేములో ఉండకపోవచ్చు. అప్పుడు కుదుపంతా లాకు మీదికే వస్తుంది. కొక్కెం కాస్త పక్కకు ఉన్నా ‘టక్’ మని శబ్దం వస్తుంది కానీ పన్ను సగమే పట్టుకుంటుంది. మీ బండిలో ఏది జరిగిందో ఆ లాకూ, ఆ పట్టీ చూసిన ఇంజినీరు చెప్పగలడు. కాబట్టి ఏదీ పారేయకండి. ‘ఇటియ్యన్నా, సరిచేసిస్తా’ అని మెకానిక్ అడిగినా లాకు చేతికివ్వొద్దు. వెల్డింగ్ చేసిన చోటును, కోసిన బోల్టుల తావును వెలుతురులో దగ్గరగా ఫోటోలు తీయండి. ఆ తర్వాతే మరమ్మతు.

మెకానిక్ మీద కేసు వేయొచ్చు. డబ్బు తీసుకుని చేసిన పనిలో లోపం ఉంటే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్ళొచ్చు. బండి మీద ప్యాంట్ల మూటలు వేసుకుపోతారు కాబట్టి మీరు వ్యాపారి, వినియోగదారు కాదు అని అవతలి లాయరు అనొచ్చు. సొంతంగా కష్టపడి పొట్టపోసుకోవడానికి వాడుకుంటే అది వ్యాపారం కిందికి రాదని చట్టమే చెబుతుంది. డబ్బిచ్చింది మీరైనా, మీ అనుమతితో ఆ సేవ వాడుకున్న మీ ఆవిడ కూడా వినియోగదారే. ఇద్దరి పేర్లతో ఫిర్యాదు వేయండి. దెబ్బ తగిలింది ఆమెకు కాబట్టి ఆమె పేరే ముందుండాలి. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపు గనుక ఫీజు లేదు. గడువు 2 ఏళ్ళు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా, మా వాళ్ళు ఈ మాట విని నామీద కోప్పడినా సరే.

ఇప్పుడు కొంచెం చేదు సంగతి. ‘సీటు మీరు తెచ్చిందే’ అన్న అతని మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు. సీటులోనే లోపం ఉంటే అతని బాధ్యత తగ్గుతుంది. కానీ మీరు ఏం తెచ్చినా, అది ఈ బండికి నప్పుతుందో లేదో చూసి చెప్పాల్సింది పని తెలిసిన మనిషే. ఫ్రేము కోయాలని, కడ్డీ తీయాలని నిర్ణయించిందీ అతనే. ఒకవేళ అతను ‘ఇది సెట్ కాదన్నా, వద్దు’ అని చెప్పి ఉండి, మీరే పట్టుబట్టి చేయించుకుని ఉంటే మాత్రం ఆ సంగతి ముందే మీ లాయరుతో చెప్పండి. షెడ్డులో ఉన్న నలుగురిలో ఎవరో ఒకరు సాక్ష్యానికి వస్తారు, అప్పుడు మీరు అబద్ధమాడినట్టు తేలితే ఉన్న కేసూ పోతుంది. 900 ఫోన్‌లో పంపి ఉంటే ఆ రికార్డు చాలు, బిల్లు లేదని భయపడక్కర్లేదు. ముందు ఒక నోటీసు పంపండి. ఆసుపత్రి ఖర్చు, ఆమె పనికి పోలేని రోజుల నష్టం, ఫ్రేము సరిచేయించే ఖర్చు లెక్కగట్టి రాయించండి. ఇలాంటివి చాలావరకు నోటీసు దగ్గరే తెగుతాయి. చిన్న షెడ్డు పెట్టుకున్న మనిషిని ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిప్పడం కంటే న్యాయంగా ఒక మొత్తానికి ఒప్పుకుంటే అదే మేలని నా అభిప్రాయం.

సీటు అమ్మిన బళ్ళారి అంగడి మీద కూడా వేయొచ్చా అంటే, వేయొచ్చు. అది కర్ణాటకలో ఉన్నా మీరు కాపురముండే చోటే ఫిర్యాదు చేసే వీలు 2019 చట్టం ఇచ్చింది, అనంతపురం కమిషనే చాలు. అయితే పాత సరుకని తెలిసి కొన్నారు, సీటు తనంతట తాను విరగలేదు. అక్కడ మీ బలం తక్కువ. మరో మాట. గుజిరీలో కొన్న సీటుకు చీటీ అయినా ఉందా? దొంగ బండి విప్పి అమ్మిన సామాను మీ దగ్గర దొరికితే, అది దొంగసొత్తని తెలిసో, తెలుసుకునే వీలుండీ తీసుకున్నారన్న ఆరోపణతో భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ దాకా వెళ్ళొచ్చు. చీటీ లేకపోతే ఎప్పుడు, ఎక్కడ, ఎంతకు కొన్నారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

బీమా సంగతి మీరు అడగలేదు, కానీ అడగాల్సింది. మీ పాలసీ థర్డ్ పార్టీ ఒక్కటేనా, మొత్తం ప్యాకేజీనా? థర్డ్ పార్టీ మాత్రమే అయితే వెనక కూర్చున్న మనిషికి అది వర్తించదని సుప్రీంకోర్టు 2006లోనే తేల్చింది. అప్పుడు మీ ఆవిడ ప్రమాద పరిహారం కోసం ట్రైబ్యునల్‌కు వెళ్తే డబ్బు కట్టాల్సింది బండి యజమాని, అంటే మీరే. ఆమె గెలిచినా ఇంట్లో ఒక బీరువాలోంచి ఇంకో బీరువాలోకి మారడమే. ప్యాకేజీ పాలసీ అయితే వెనక కూర్చున్నవాళ్ళకూ రక్షణ ఉంటుంది, కంపెనీకి వెంటనే తెలియజేయండి. ట్రైబ్యునల్‌లో దరఖాస్తుకు చట్టంలో రాసిన గడువు 6 నెలలు.

ఆసుపత్రిలో ఏం చెప్పారు? పోలీసుల గొడవ ఎందుకులే అని బాత్‌రూమ్‌లో జారిపడిందని రాయించేవాళ్ళు మన దగ్గర చాలామంది. మీరూ అలాగే రాయించి ఉంటే, కమిషన్‌లోనూ బీమా కంపెనీ దగ్గరా ఆ కాగితమే మీకు ఎదురు తిరుగుతుంది. ఆ కేసు షీటు నకలు ముందు తెప్పించుకుని చూడండి.

ఇక ఆర్‌సీ. రిజిస్ట్రేషన్ అయిన రోజు నుంచి 15 ఏళ్ళకు గడువు ముగుస్తుంది, తర్వాత 5 ఏళ్ళకోసారి పొడిగిస్తారు. ఫారం 25లో గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు. బండిని తనిఖీకి చూపించాలి, ఆ వెల్డింగ్ అక్కడ దాగదు. రోడ్డు మీద తిప్పితే ప్రమాదమని తోస్తే 53వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్‌ను నిలిపివేసే అధికారం కూడా రిజిస్టరింగ్ అధికారికి ఉంది. కాబట్టి ముందే సరిచేయించండి. మీ మోడల్‌కు పనిచేసే కంపెనీ సర్వీసు సెంటరుకు తీసుకెళ్ళి ఫ్రేము నిలుస్తుందో లేదో చూపించి, వాళ్ళు చెప్పింది రాతపూర్వకంగా తీసుకోండి. కడ్డీ తిరిగి వేయించండి.

సీటు విషయంలో ఒక కిటుకు చెబుతాను. ప్రతి విడిభాగానికీ కంపెనీ ఒక పార్టు నంబరు ఇస్తుంది. పాత సీటు తయారీ ఆగిపోయి, దాని బదులు కొత్త నంబరు సీటు వేసుకోవచ్చని కంపెనీ జాబితాలోనే ఉంటే ఆ పేజీ నకలు, బిల్లు తీసుకుని బండి కాగితాలతో పెట్టుకోండి. తయారీదారే ఈ బండికి పనికొస్తుందన్న సీటును ఆల్టరేషన్ అని నిలబెట్టడం ఎవరికైనా కష్టమే. జాబితాలో లేకపోతే మీ పాత సీటు రేకుకే కొత్త స్పాంజి, కొత్త కవరు వేయించండి. రాయదుర్గంలో కుట్టేవాళ్ళకు కొదవేముంది.

చలానా ఇంకా రాయలేదు కాబట్టి కట్టాల్సింది ఏమీ లేదు. రేపు ఎవరైనా రాస్తే దాని మీద ఏ సెక్షన్ వేశారో చూడండి. కట్టేయడమా, కోర్టులో తేల్చుకోవడమా అన్నది దాన్ని బట్టే. అంతవరకు ఈ బండిని రోడ్డెక్కించొద్దు. లోపం ఉందని తెలిసీ నడిపితే 190వ సెక్షన్ ఒకటుంది, 1,500 జరిమానా. దానివల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే 3 నెలల వరకు జైలు లేదా 5,000. మొన్నటిదాకా లాకు సంగతి తెలియదని చెప్పుకోవచ్చు, ఇప్పుడు ఈ జవాబు చదివాక ఆ మాటా అనలేరు.