కారుకు రిమోట్ స్టార్టర్ బిగిస్తే చట్టం ఒప్పుకుంటుందా?

ప్రశ్న: నాది మాన్యువల్ గేర్లున్న చిన్న కారు. కంపెనీ వారంటీ ఇంకా ఏడాది ఉంది. ఎక్కే ముందే ఇంజిన్ ఆన్ చేసి ఏసీతో లోపల చల్లబరచుకోవచ్చని బయట షాపులో రిమోట్ స్టార్టర్ పెట్టించుకోవాలనుకుంటున్నాను. రెండు తాళంచెవుల్లో ఒకటి తమకిస్తే డ్యాష్‌బోర్డు వెనుక అమర్చి, సాయంత్రానికి కారు ఇచ్చేస్తామని షాపువారు చెప్పారు. ఒక్క వైరు ముట్టుకున్నా వారంటీ మొత్తం పోతుందని కంపెనీ సర్వీసు సెంటర్ వారు అంటున్నారు. రవాణా శాఖ వారు పట్టుకుంటే జైలేనని మా బావగారు భయపెడుతున్నారు. కారును ఇంటి దగ్గర సెల్లార్‌లోనూ, ఆఫీసు దగ్గర రోడ్డు పక్కనా నిలుపుతాను. చట్టప్రకారం ఇది తప్పవుతుందా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు మీ బావగారి సంగతి చూద్దాం. ఆయన చెప్పిన జైలు శిక్ష చట్టంలో నిజంగానే ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ ద్వారా చేర్చిన సెక్షన్ 182ఎ(4) ప్రకారం, అనుమతి లేని రీతిలో వాహనాన్ని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కొత్తగా భాగాలు తగిలించడం కూడా మార్పు కిందికే వస్తుందని ఆ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. అక్కడితో చదవడం ఆపేస్తే ఎవరికైనా గుండె జారుతుంది.

అయితే ఏ మార్పుకు అనుమతి లేదో తెలియాలంటే సెక్షన్ 52 చూడాలి. తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదని అది చెబుతుంది. మార్పు అంటే ఏమిటో కూడా అక్కడే వివరణ ఉంది: వాహనం మౌలిక లక్షణమే మారిపోయేలా దాని నిర్మాణంలో చేసే మార్పు. ఒకసారి మీ ఆర్‌సీ తీసి చూడండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం, రంగు, బాడీ రకం, సీట్ల సంఖ్య, బరువు కనిపిస్తాయి. ఇంజిన్‌ను తాళంచెవి తిప్పి ఆన్ చేస్తారా, మీట నొక్కి ఆన్ చేస్తారా అనే గడి అందులో లేదు. తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన అప్పీలులో గట్టిగానే చెప్పింది. ఆ తీర్పును చూపించి భయపెట్టేవారు చాలామందే ఉన్నారు. కానీ ఆ తీర్పుకు ఆధారం కూడా సెక్షన్ 52లోని ఈ కొలబద్దే. బాడీని, ఛాసిస్‌ను, ఇంజిన్‌ను తాకకుండా, ఇంజిన్‌ను దూరం నుంచి స్టార్ట్ చేసే చిన్న పెట్టెను అమర్చడం ఈ సెక్షన్ కిందికి రాదన్నది నా అభిప్రాయం. కాబట్టి బిగించుకోవడం నేరం కాదు. వాడే చోటును బట్టి అది నేరం కావచ్చు.

ఆ సంగతి చెప్పేది సెక్షన్ 126. దీన్ని చాలామంది చూడనే చూడరు. బహిరంగ స్థలంలో వాహనాన్ని నిలిపి ఉంచాలంటే డ్రైవరు సీటులో లైసెన్సు ఉన్న మనిషి ఉండాలి. లేదంటే ఇంజిన్ ఆపి, బ్రేకు వేసి, లేదా తగిన ఇతర జాగ్రత్తలు తీసుకుని, డ్రైవరు లేనప్పుడు బండి దానంతట అది కదలకుండా చూడాలి. మీరు ఆఫీసు మూడో అంతస్తులో నిలబడి మీట నొక్కితే కింద రోడ్డు పక్కన ఇంజిన్ నడుస్తుంటుంది, సీటు ఖాళీగా ఉంటుంది. ‘ఇతర జాగ్రత్తలు’ అన్న మాటను పట్టుకుని, హ్యాండ్‌బ్రేకు వేశాను, గేరు న్యూట్రల్‌లో ఉంచాను, అది చాలదా అని వాదించవచ్చు. నేనైతే ఆ వాదన మీద ఎక్కువ ఆశ పెట్టుకోను. ‘ఇంజిన్ ఆపి’ అన్న షరతు ఆ మాట కంటే ముందే ఉంది. దీనికి శిక్ష సెక్షన్ 177 కింద మొదటిసారి 500 రూపాయల వరకు, మళ్లీ చేస్తే 1,500 వరకు జరిమానా. ఆ మొత్తం చిన్నదే. కానీ అదే సమయంలో బండి ముందుకు ఉరికి ఎవరికైనా దెబ్బ తగిలితే, నిర్లక్ష్యం నిరూపించడానికి అవతలి లాయరుకు ఈ ఒక్క సెక్షనే సరిపోతుంది. కొన్ని కార్లలో కంపెనీయే ఫోను యాప్‌తో ఇంజిన్ ఆన్ చేసే సౌకర్యం ఇస్తోంది కదా అని అడగవచ్చు. సెక్షన్ 126లో వాటికి మినహాయింపేమీ లేదు.

మాన్యువల్ గేరు కారు కావడం వల్ల ప్రమాదం ఇంకా ఎక్కువ. చాలామందికి కారును గేరులో వదిలి దిగే అలవాటు ఉంటుంది. అలాంటి కార్లలో స్టార్టర్ మోటారు తిరిగిందంటే బండి గోడ మీదికో మనిషి మీదికో దూకుతుంది. ఇలా జరగకుండా కంపెనీ క్లచ్ దగ్గర ఒక స్విచ్ పెడుతుంది. రిమోట్ పనిచేయాలంటే షాపువాళ్లు మొదట చేసేది ఆ స్విచ్‌ను పక్కకు తప్పించడమే. మంచి పరికరాలకైతే ఒక పద్ధతి ఉంటుంది: ఇంజిన్ నడుస్తుండగానే హ్యాండ్‌బ్రేకు వేసి, దిగి, తలుపులు మూసిన తరువాత అది ఇంజిన్ ఆపేస్తుంది. అలా గేరు న్యూట్రల్‌లోనే ఉందని రూఢి అవుతుంది. మళ్లీ ఎవరైనా తలుపు తెరిస్తే రిమోట్ ఇక పనిచేయదు. ఈ పద్ధతి లేని పరికరాన్ని మాన్యువల్ కారుకు పెట్టించుకోవద్దని గట్టిగా చెబుతాను.

సెల్లార్ గురించి కూడా ఒక మాట. ‘బహిరంగ స్థలం’ అన్న మాటకు బీమా కేసుల్లో కోర్టులు విశాలమైన అర్థమే చెప్పాయి. కాబట్టి అది మా సొంత స్థలం అన్న ధీమా పనికిరాదు. అంతకంటే పెద్ద ప్రమాదం పొగ. గాలి ఆడని చోట ఇంజిన్ నడిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి వాసన ఉండదు. జేబులో రిమోట్ మీట పొరపాటున నొక్కుకుపోయినా ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. దానివల్ల ఎవరైనా ప్రాణం పోగొట్టుకుంటే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద నిర్లక్ష్యంతో మరణానికి కారకులైనవారికి ఐదేళ్ల వరకు జైలు ఉంటుంది. నిర్ణీత నిమిషాల తరువాత ఇంజిన్ దానంతట అదే ఆగే ఏర్పాటు ఉందో లేదో పెట్టించుకునే ముందే చూసుకోండి.

ఇక నన్ను అసలు ఆపింది మీ ప్రశ్నలోని ఒక వాక్యం: ‘రెండు తాళంచెవుల్లో ఒకటి ఇస్తే’. ఇవ్వకండి.

షాపువారు తాళంచెవి ఎందుకు అడుగుతున్నారో చెబుతాను. మీ తాళంచెవి తలలో చిన్న చిప్ ఉంటుంది. ఇగ్నిషన్ దగ్గరున్న చిన్న తీగచుట్ట దాన్ని గుర్తుపడితేనే కారు కంప్యూటర్ ఇంజిన్‌ను నడవనిస్తుంది. రిమోట్ స్టార్టర్‌లో ఆ చిప్ ఉండదు. అందుకని మీ రెండో తాళంచెవిని, లేదా దానిలోని చిప్‌ను, మరో తీగచుట్టలో పెట్టి డ్యాష్‌బోర్డు వెనుక టేపు చుట్టి వదిలేస్తారు. అంటే కారును దొంగల నుంచి కాపాడాల్సిన తాళంచెవి రాత్రింబవళ్లు కారులోనే ఉంటుందన్నమాట.

కారు దొంగతనానికి గురైందనుకుందాం. ఎఫ్‌ఐఆర్, ఆర్‌సీ, ఆచూకీ దొరకలేదని పోలీసులిచ్చే తుది నివేదికతోపాటు బీమా కంపెనీ రెండు తాళంచెవులూ అడుగుతుంది. మీ దగ్గర ఒకటే ఉంటుంది. రెండోది కారుతోపాటే పోయిందని చెప్పక తప్పదు. వాహనాన్ని కాపాడుకోవడానికి యజమాని సహేతుకమైన జాగ్రత్తలన్నీ తీసుకోవాలన్నది మన మోటారు పాలసీలన్నింటిలోనూ ఉండే షరతు. దాన్ని ఉల్లంఘించారని వారు క్లెయిమ్ తిరస్కరించడం ఖాయం. వినియోగదారుల కమిషన్‌కు వెళితే ఏమీ రాదని అనను. డ్రైవరు తాళంచెవి లారీలోనే వదిలి దారి అడగడానికి దిగినప్పుడు లారీని ఎత్తుకుపోయిన కేసులో, సుప్రీంకోర్టు 2023లో యజమానికి 75 శాతం ఇవ్వాలన్న తీర్పును నిలబెట్టింది. కానీ అది ఆ కొద్దిసేపటి ఏమరుపాటు. నెలల తరబడి తెలిసి తాళంచెవిని లోపల దాచిపెట్టిన మీకు ఆ తీర్పు ఎంతవరకు అండగా ఉంటుందో నేను హామీ ఇవ్వలేను.

తాళంచెవి అవసరం లేకుండా, కారు కంప్యూటర్ వాడే డేటా లైనుతో నేరుగా మాట్లాడే చిన్న పరికరం (బైపాస్ మాడ్యూల్) మీ మోడల్‌కు దొరుకుతుందేమో అడగండి. దొరికితే అదే పెట్టించుకోండి. దొరకకపోతే ఈ ఆలోచనే మానుకోవడం మేలు.

ఏది పెట్టించుకున్నా బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. కారు ధరలో చేరని ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ పరికరాలకు ఐఎంటీ-24 అనే ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జోడించే అదనపు షరతు, ఉంది. అదనపు ప్రీమియం కట్టి పరికరాన్ని పాలసీలో చేర్పించుకోవచ్చు. దీనివల్ల ముఖ్యమైన లాభం, మీరు దాచిపెట్టారనే మాట వారి నోట రాకుండా ఉండటం. రేపు వైరింగులో మంటలు పుడితే, నష్టం అంచనా వేయడానికి వచ్చే సర్వేయరు తన నివేదికలో మొదట రాసే పదం ‘షార్ట్ సర్క్యూట్’. ఆ మాటతో క్లెయిమ్ కాదనబోతే, మన ప్రామాణిక ప్యాకేజీ పాలసీలో అగ్నిప్రమాదంతోపాటు దానంతట అది అంటుకోవడానికీ రక్షణ ఉందని ఆయనకు గుర్తుచేయండి. బయటివారికి జరిగే నష్టం విషయంలో మాత్రం ఇంత తలనొప్పి లేదు. బీమా కంపెనీ తప్పుకోవడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 150లో ఉన్న కారణాలు కొన్నే. వాటిలో రిమోట్ స్టార్టర్ లేదు. కారులో ఎవరూ లేరు కనుక అది వాహన వినియోగం కాదని కూడా వారు తేలిగ్గా అనలేరు. బోల్తాపడిన పెట్రోలు ట్యాంకరు కొన్ని గంటల తరువాత పేలిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే ‘వినియోగం’ అన్న మాటకు విశాలమైన అర్థం ఇచ్చింది.

వారంటీ విషయంలో సర్వీసు సెంటర్ వారు సగమే నిజం చెప్పారు. వారంటీ పుస్తకం తెరిచి చూడండి. బయటి పరికరం వల్ల కలిగిన లోపానికి బాధ్యత వహించమనే మాట మామూలుగా ఉంటుంది. ఏదో ఒకటి తగిలించారు కాబట్టి మొత్తం రద్దు అనే వాక్యం ఉందో లేదో మీరే వెతకండి. స్టార్టర్ మోటారు కాలిపోతేనో, ఎలక్ట్రానిక్ యూనిట్ చెడిపోతేనో వారు కాదనవచ్చు. గేర్‌బాక్సు బేరింగు అరిగిందంటే దానికీ మీ రిమోట్‌కూ ఏమిటి సంబంధం? ఆ సంబంధాన్ని చూపాల్సింది తిరస్కరిస్తున్న కంపెనీయే. ఈ వాదన వినియోగదారుల కమిషన్ ముందు పనికొస్తుంది. కేంద్ర నియమాల కింద ఆమోదం పొందిన మార్పులు చేస్తే వారంటీ రద్దయినట్టు భావించరాదని సెక్షన్ 52కు 2019లో ఒక రక్షణ చేర్చారు. అది ఆ ఆమోదం ఉన్న మార్పులకు మాత్రమే. షాపు వారు దీన్ని అన్నింటికీ వర్తించినట్టు చెబితే నమ్మకండి.

కారు మీద అప్పు ఉంటే బ్యాంకు ఒప్పందం కూడా ఒకసారి చదవండి. రిమోట్ తరంగాల గురించి దిగులు వద్దు. 433–434 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేదు, అయితే పరికరానికి ప్రభుత్వ ఆమోదం ఉండాలి.

షాపువారి దగ్గర బిల్లు తప్పకుండా తీసుకోండి. ‘యాక్సెసరీలు – 1’ అని రాసి చేతిలో పెట్టేది బిల్లు కాదు. పరికరం కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు, ఏ వైర్లను కలిపారు, ఏ స్విచ్‌ను తప్పించారు అన్నవన్నీ రాయించుకోండి. పని మొదలుపెట్టే ముందూ, పూర్తయ్యాకా డ్యాష్‌బోర్డు కింద ఫొటోలు తీయించుకోండి. కంపెనీ వైర్లను కోయకుండా, కనెక్టర్ల మధ్య తగిలించే వైరింగే కావాలని అడగండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో వస్తువు తయారుచేసినవారితోపాటు బిగించినవారికీ బాధ్యత ఉంది. లోపం బయటపడిన రోజు నుంచి రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలలోపు ఉంటే ఫీజు కూడా ఉండదు. పరికరాన్ని పరీక్షకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది కనుక, కాలిపోయిన ముక్కను కూడా పారేయకండి. ఏదైనా తేడా వస్తే వేరే మెకానిక్ చేత విప్పించకముందే నోటీసు పంపండి. విప్పించాక సాక్ష్యం మిగలదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది, సర్వీసు సెంటర్‌కు మెయిల్ పంపి, ఏ షరతు కింద మొత్తం వారంటీ పోతుందో రాతపూర్వకంగా అడగడం. జవాబు వచ్చేదాకా షాపులో అడ్వాన్సు కట్టకండి.