షాంపూ సంగతి సరే, ఆ ట్యూబ్ ఎవరు రాసిచ్చారు?

ప్రశ్న: నా వయసు 42. జుట్టు రాలుతోందని సల్ఫేట్, పారాబెన్, సిలికోన్ లేని షాంపూకు మారాను. అయినా దురద తగ్గలేదు. రంగు వేసుకున్న ఒకటి రెండు రోజులకు చెవుల వెనక దురద, కంటి రెప్పల వాపు వస్తున్నాయి. ఇంట్లో ఉన్న ట్యూబ్ రాస్తే తగ్గుతోంది. లేబుల్ మీద ఏయే పదార్థాలు లేకుండా చూసుకోవాలి?

జవాబు: షాంపూ గురించి తర్వాత చెబుతాను. ముందు ఆ రెప్పల వాపు సంగతి చూడాలి.

ముదురు రంగు హెయిర్ డైలలో చాలావాటిలో పారాఫినైలిన్‌డైఅమైన్ అనే రసాయనం ఉంటుంది. పీపీడీ అంటారు. అది పడనివాళ్లకు మాడు మామూలుగానే ఉండి రెప్పలు, చెవులు, మెడ దగ్గర దద్దుర్లు, వాపు రావడం మేం తరచూ చూసేదే. 'ఇన్నేళ్లుగా వాడుతున్నా, ఇప్పుడెందుకు పడదు?' అనకండి. ఏళ్ల తరబడి వాడాక కూడా ఈ అలర్జీ మొదలవుతుంది. మొదలయ్యాక సాధారణంగా పోదు, వేసుకున్న కొద్దీ ముదరవచ్చు. డబ్బా మీద 'అమోనియా లేదు' అని ఉంటే పీపీడీ కూడా లేదని కాదు. బ్లాక్ హెన్నా పేరుతో వచ్చేవాటిలోనూ కలుపుతుంటారు. మిమ్మల్ని చూడకుండా ఇదేనని తేల్చలేను. చర్మ డాక్టర్ వీపు మీద పట్టీలు అతికించి, 48 గంటలు ఉంచి ప్యాచ్ టెస్ట్ చేస్తారు. అందాకా రంగు ఆపేయండి.

ఇక ఆ ట్యూబ్. పేరు రాయలేదు గానీ, రాయగానే తగ్గుతోందంటే స్టిరాయిడ్ అయ్యుండొచ్చు. రెప్పల మీద అదేపనిగా రాస్తే చర్మం పల్చబడుతుంది. కంట్లో ప్రెషర్ పెరిగి, కంటి నరం దెబ్బతినే గ్లాకోమా కూడా రావచ్చు. ఒకవేళ ఫంగస్ అయితే ఎరుపు తగ్గినట్టే ఉండి చుట్టూ పాకుతుంది. ఎవరికో రాసిచ్చిన మందు మీరెందుకు రాసుకోవడమమ్మా? డాక్టర్ దగ్గరికి ఆ ట్యూబ్, రంగు డబ్బా రెండూ పట్టుకెళ్లండి. ఎన్నాళ్లుగా రాస్తున్నారో దాచకుండా చెప్పండి.

లేబుల్ విషయానికొస్తే, సల్ఫేట్ జిడ్డు వదలగొడుతుంది. కొందరికి మాడు పొడిబారుతుంది, అంతేగానీ జుట్టు కుదుళ్ల నుంచి రాలదు. సిలికోన్ వెంట్రుకకు పూత, చిక్కు పడనివ్వదు. పారాబెన్ సీసాలో బ్యాక్టీరియా పెరగకుండా కలిపేది. దాన్ని తీసేసి అదే పనికి మిథైల్ ఐసోథయజోలినోన్ లాంటి రసాయనం వేస్తే అలర్జీ భయం ఇంకా ఎక్కువ. సువాసనలూ కొందరికి పడవు. సిటైల్ ఆల్కహాల్ అన్న పేరు చూసి కంగారు పడకండి, అది జుట్టును మెత్తబరిచే కొవ్వు పదార్థం.

జుట్టు రాలడానికి హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్ పరీక్షలు అవసరమా అని ఆ డాక్టర్‌నే అడగండి. ఈలోగా ముఖమంతా వాచినా, ఊపిరి ఆడకపోయినా, చూపు మసకబారినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.