నవ్వితే మోకాళ్లు పట్టు తప్పుతున్నాయి

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నా క్లాసులో, సిటీ బస్సులో కూర్చున్నచోటే నిద్రపోతాడు. పడీపడీ నవ్వితే మోకాళ్లు పట్టు తప్పుతాయి, తెలివి మాత్రం ఉంటుంది. ఇది మూర్ఛా, బద్ధకమా?
– ఒక తల్లి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: బద్ధకం కాదమ్మా, వాణ్ణి తిట్టకండి. నవ్వుకి కండరాలు సడలి, స్పృహ పోకుండా ఉండటాన్ని కాటాప్లెక్సీ అంటారు. పగటి నిద్రతో కలిసి వస్తే మూర్ఛ కంటే ముందు నార్కోలెప్సీని (నిద్ర, మెలకువల అదుపు తప్పే జబ్బు) అనుమానించాలి. మెదడులో మెలకువను నిలబెట్టే హైపోక్రెటిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు నశించడం దీనికి మూలం. మామూలుగా నిద్రపట్టిన గంటన్నరకి వచ్చే కలల నిద్ర వీళ్లకి 15 నిమిషాల్లోపే వచ్చేస్తుంది.

న్యూరాలజిస్టుకి చూపించండి. ఒక రాత్రంతా నిద్ర పరీక్ష చేస్తారు. మర్నాడు రెండేసి గంటల తేడాతో నాలుగైదు కునుకులు తీయిస్తారు. సగటున 8 నిమిషాల్లోపు నిద్రపట్టి, కనీసం రెండుసార్లు కలల నిద్ర తొందరగా కనిపిస్తే, లక్షణాలతో కలిపి నిర్ధారిస్తారు. పరీక్ష చెడేది ఎక్కువగా ముందు రాత్రే: ఆరు గంటలైనా నిద్ర లేకపోతే ఫలితాన్ని నమ్మలేం. అంతకుముందు రెండు వారాలు నిద్రవేళలు రాయించండి. డిప్రెషన్ మందులు కలల నిద్రను అణిచేస్తాయి, వాడుతుంటే చెప్పండి. సొంతంగా మాత్రం ఆపొద్దు.

పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో ఉంటుంది. మెలకువగా ఉంచే మొడాఫినిల్ మందు రాస్తే పొద్దున్నే వేయండి, సాయంత్రం వేస్తే రాత్రి నిద్ర చెడుతుంది. మధ్యాహ్నం 15–20 నిమిషాల కునుక్కి కాలేజీవాళ్లను ఒప్పించండి. మందంత పని చేయదు గానీ, బాగా ఆదుకుంటుంది. డాక్టరు సరేననేదాకా బండి తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి, సింహాచలం ఘాట్ రోడ్డయితే అసలొద్దు. ఆర్కే బీచ్‌లో (ఎవరికైనా ప్రమాదమే అనుకోండి) నీళ్లలోకి దిగనివ్వకండి.