అంగం మీద గింజలు: ట్యూబు రాసే ముందు చూడాల్సింది

తమ్ముడూ, రాజాం మెడికల్ షాపులో ఇచ్చిన ఆ ట్యూబు ముందు ఆపెయ్. అంగం తల అంచు చుట్టూ తెల్లటి గింజలు, నొప్పి లేదు, దురద లేదు, పెళ్ళి మాటలు నడుస్తున్నాయి గనుక భయం, ఇదీ నువ్వు రాసింది. దురదే లేనప్పుడు దురద క్రీము దేనికి? అడక్కుండా ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో క్లోబెటాసోల్ అనే ఘాటు స్టెరాయిడ్ ఉంటుంది. పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూడు. అక్కడి చర్మం అసలే పల్చన, ఇంకా పల్చబడుతుంది. తామర ఉంటే రూపు మార్చుకుని పాకుతుంది, డాక్టరుకి అసలు గుర్తు దొరకదు.

అన్నీ ఒకే సైజులో, ఒకట్రెండు మిల్లీమీటర్లు, పూసలు గుచ్చినట్టు అంచు చుట్టూ ఒకటి రెండు వరుసలుంటే వాటిని పెర్లీ పినైల్ పాప్యూల్స్ అంటారు. రోగం కాదు, అంటుకోవు, మందు అక్కర్లేదు. చర్మం లాగితే పసుపు చుక్కలు తేలేవి నూనె గ్రంథులు, అవీ మామూలే.

గింజ నడుమ బొడ్డులా చిన్న గుంట ఉంటే మొలస్కమ్ అనే వైరస్ గింజ. గిల్లకు, రేజర్ పెట్టకు. లోపలి తెల్లముద్దలోనే వైరస్ ఉంటుంది, పక్కన నాటుకుంటుంది. గరుగ్గా, కాలీఫ్లవర్ ముక్కలా పెరిగేవి పులిపిర్లు. వీటికి ఎక్కువగా హెచ్‌పీవీ అనే వైరస్‌లో 6, 11 రకాలు కారణం. కలిసిన కొన్ని నెలలకి గాని బయటపడకపోవచ్చు, కాబట్టి ఎవరి నుంచి వచ్చిందో లెక్కలు కట్టి గొడవపడడం దండగ. రాత్రిళ్ళు దురద పెరిగి, వేళ్ళ సందుల్లోనూ, ఇంట్లోవాళ్ళకీ ఉంటే గజ్జి. దానికి ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోవాలి, లేకపోతే మళ్ళీ తిరిగొస్తుంది.

మంటతో గుత్తిగా నీటిపొక్కులు వస్తే హెర్పిస్ అనే వైరస్ జబ్బు. అసలు జాగ్రత్త పడాల్సింది నొప్పి లేకుండా ఒకే ఒక్కటిగా వచ్చే పుండుతో, అది సిఫిలిస్ అనే సుఖవ్యాధి కావచ్చు. సిఫిలిస్ పుండు 3 నుంచి 6 వారాల్లో తనంతట తానే మానుతుంది, రోగం మాత్రం లోపలే ఉంటుంది. పుండు వచ్చిన కొత్తలో దాని రక్తపరీక్ష వీడీఆర్ఎల్ నెగెటివ్ రావచ్చు, మళ్ళీ చేయించాలి.

శ్రీకాకుళం ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో (జనం ఇంకా రిమ్స్ అనే అంటారు) గాని, విజయనగరం ప్రభుత్వాసుపత్రిలో గాని చర్మవ్యాధుల ఓపీకి వెళ్ళు. చీటీ కిటికీ దగ్గర "చర్మం" అంటే చాలు, వెనకున్న పదిమందికీ వినిపించక్కర్లేదు. సుఖవ్యాధులకు ప్రభుత్వం నడిపే సురక్ష క్లినిక్‌లలో సలహా ఉచితం, ఫోనుకైతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097. హెచ్ఐవీ పరీక్ష నీ అనుమతితోనే చెయ్యాలి, ఫలితం గోప్యంగా ఉంచాలి, 2017 హెచ్ఐవీ చట్టం అదే చెప్తుంది.

బట్ట తీసి చూడకుండా మందు రాసే చోట కూర్చోకు, వీటిలో చాలావరకు మంచి వెలుతురులో కంటితో చూసే తేలుస్తారు. వెళ్ళే ముందు రెండురోజులు షేవింగ్ చెయ్యకు. ఎప్పుడు మొదలైంది, చివరిసారి ఎప్పుడు కలిశావు, కండోమ్ వాడావా అన్నది దాచకుండా చెప్పు. ఆ ట్యూబు కూడా జేబులో వేసుకెళ్ళు.