లేత్ స్పిండిల్‌కి చక్ పట్టేసుకుంటే ఎట్లా తీయాలి?

అన్నా, మా చెక్క లేత్‌లో కర్రని పట్టుకునే చక్, దాన్ని తిప్పే ఇరుసు అంటే స్పిండిల్‌కి పట్టేసుకుంది, స్పిండిల్ తిరక్కుండా ఆపే ఇండెక్స్ పిన్ వేసి రాడ్‌తో తిప్పితే పిన్నే వంగింది, గ్యాస్ కటింగ్ ఆయన వచ్చి కాల్చి తీస్తానంటున్నాడు, ఏం చేయాలి అని అడిగినారు కదా. ముందు ఆయన్ని వద్దని చెప్పండి. చక్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, మంటకి స్పిండిల్ వంకర పోయినా బేరింగుల్లో గ్రీజు మాడిపోయినా మిషన్ మళ్లీ దారికి రావడం చానా కష్టం.

మాది తిరుపతిలో తిరుగుడు పని, మంచం కోళ్లు, ఉయ్యాల గుంజలు, మెట్ల రెయిలింగ్ కడ్డీలు, చపాతీ కర్రలు. మాధవమాలలో మాదిరి ఉలితో బొమ్మలు చెక్కే పని కాదు, పొద్దస్తమానం లేత్ మీదే ఉంటాం. మా పక్క నవంబర్, డిసెంబర్ వానలు అయినాక ఇట్లా పట్టేసుకోవడం ఎక్కువ చూస్తాను, పచ్చి వేప, పచ్చి చింత తిప్పినప్పుడు తడి పొట్టు చక్‌కీ స్పిండిల్‌కీ మధ్య ఉండే మర, అంటే త్రెడ్‌లోకి పోతుంది, చక్ తీయకుండా అట్లే వదిలేస్తే లోపల తుప్పు పడుతుంది. దానికి తోడు కోసేటప్పుడు ఉలి వల్ల పడే ఒత్తిడి చక్ తిరిగే దిక్కుకి ఎదురుగా, అంటే ఎప్పుడూ చక్‌ని బిగించే వైపే ఉంటుంది, ఉలి ఒక్కసారి గట్టిగా ఇరుక్కుందంటే చక్ పోయి స్పిండిల్ మెట్టుకి, అంటే త్రెడ్ అయిపోయే చోట ఉండే అంచుకి, అంటుకుపోతుంది.

ఇప్పుడు తీసే సంగతి. కరెంటు ప్లగ్ పీకేయండి. చక్ వెనకాల చిన్న గ్రబ్ స్క్రూ, అంటే తల లేని స్క్రూ, ఏమైనా ఉందేమో టార్చ్ వేసి చూడండి, రివర్స్‌లో నడిపే మిషన్లకి అది ఉంటుంది, దాన్ని వదులు చేయకుండా ఎంత కొట్టినా రాదు. తరవాత త్రెడ్ సందులో డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి.

ఇండెక్స్ పిన్ ఉండేది గుర్తులు పెట్టుకోడానికి, ఇంత బలం ఓర్చుకోడానికి కాదు, మళ్లీ దాని జోలికి పోవద్దు. పుల్లీని పట్టుకుని కూడా తిప్పొద్దు, అల్యూమినియం పుల్లీ అయితే పగులుతుంది. చానా మిషన్లలో చక్‌కి వెనకాల స్పిండిల్ మీద రెండు పక్కలా చదునుగా గీసిన చోటు ఉంటుంది చూడండి, దానికి సరిగ్గా పట్టే పానా వేయండి, వదులు పానా అయితే అంచులు అరిగిపోతాయి. పానా పిడి మీ వైపు ఉండాలి, దాని కింద మిషన్ అడుగు బల్ల, అంటే బెడ్ మీద ఒక చెక్కముక్క పెట్టండి, అప్పుడు స్పిండిల్ తిరగబోయినా పానా ఆ చెక్క మీద ఆనుకుని ఆగిపోతుంది. చక్‌లో కర్రని పట్టే దవడల మధ్య అడుగున్నర పొడుగు గట్టి చింత కర్రని అడ్డంగా బిగించండి, కొస మీ వైపే రావాలి, పానా కంటే పైన ఉండాలి. ఆ కొసని కొయ్య సుత్తితో పైనుంచి కిందికి ఠక్కున కొట్టండి. అంటే చక్ పై భాగం మీ వైపు తిరగాలి, మామూలుగా మిషన్ నడిచేటప్పుడు కర్ర తిరిగే దిక్కే, వదులయ్యేది కూడా అటే.

ఇక్కడే అందరూ బలమంతా పెట్టి మెల్లగా లాగతారు. అట్లా లాగితే కర్ర వంగుతుంది, బెడ్ కదులుతుంది, త్రెడ్ మాత్రం కదలదు. పట్టు విడిపించేది దెబ్బ అదురే, అందుకే చిన్నగా, చురుగ్గా కొట్టాలి. ముందు నుంచి స్పిండిల్ పొడుగునా మాత్రం కొట్టొద్దు, ఆ దెబ్బంతా బేరింగులకే పోతుంది.

పోయిన వానల్లో పుత్తూరులో ఒకాయన మిషన్‌కి దెబ్బలతో రాలేదు, అప్పుడు హీట్ గన్ తీసుకున్నాం. చక్ ఒళ్లు మాత్రమే వేడి చేయాలి, స్పిండిల్ చల్లగా ఉండాలి. 33 మి.మీ. రంధ్రం 60 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే సుమారు 0.02 మి.మీ. పెరుగుతుంది, చూస్తే ఏమీ కాదు గానీ తుప్పు పట్టు వదలడానికి అది చాలు. నూనె కొట్టి ఉంటారు కాబట్టి ముందు గుడ్డతో తుడిచేయండి, పొట్టు దగ్గర లేకుండా చూసుకోండి, చేతికి మందపాటి గ్లవుజు వేసుకోండి. వేడి మీదే కొడితే లోపల టక్‌మని వినిపించింది, ఆ తరవాత చేత్తోనే తిరిగి వచ్చేసింది. త్రెడ్ గాళ్లలో ఎర్రటి తుప్పుపొడి, పొట్టు కలిసి గట్టిగా అట్ట కట్టి ఉంది, పళ్లు తోమే బ్రష్‌తో ఎంతసేపు గీకినామో.

మీది మిషన్ ఎడమ కొస, అంటే బయటి వైపు బిగించిన ఫేస్‌ప్లేట్ (కర్రని స్క్రూలతో బిగించే గుండ్రటి ప్లేటు) అయితే చానా మిషన్లలో దిక్కు తిరగబడుతుంది, త్రెడ్ ఎటు ఎక్కుతుందో కళ్లారా చూసుకుని కొట్టండి.

వచ్చినాక త్రెడ్ బాగా తుడిచి ఒక చుక్క నూనె రాయండి, చక్‌కీ స్పిండిల్ మెట్టుకీ మధ్య పలచని నైలాన్ వాషర్ వేయండి. మా దగ్గర వాషర్ అయిపోతే పాల ప్యాకెట్ కవర్‌ని గుండ్రంగా కత్తిరించి వేస్తాం, బాగానే పని చేస్తుంది. మెట్టుకి తగిలేదాకా చేత్తోనే ఎక్కించండి, చక్‌ని విసిరినట్టు తిప్పి బిగించొద్దు. వంగిన పిన్ తీసేసి కొత్తది వేయించుకోండి, ఆ పిన్ పోయే రంధ్రం సాగిందేమో కూడా ఒకసారి చూడండి.